ఉత్తరపు గోడ మీద మూడు గాజుపట్టీలు

మూడో గాజుపట్టీ కూడా పగిలిందని గాడిదల బాబాయి వచ్చి చెప్పేసరికి నేను పెరట్లో సున్నం జల్లిస్తున్నాను. నాకు ముందు వచ్చింది బాధ కాదు, కోపం. అదీ నా మీదే. నలభై ఏళ్ళుగా సున్నం పని చేస్తున్నవాణ్ణి, ఒక్క గోడను ఉన్నచోట ఉంచలేకపోయానా అని ఒళ్ళు మండిపోయింది.

"ముక్కలు గోడకి అలాగే ఉన్నాయా?" అన్నాను.

"ఉన్నాయి. మీ అక్క చీపురు పట్టుకుని తయారుగా ఉంటే నేనే ఆపాను. పోయినసారి ముక్కలు ఏరేశారని ఆ ఇంజనీరమ్మ అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా మోగుతోంది" అన్నాడు బాబాయి. వారానికి రెండుసార్లు సరుకులూ కట్టెలూ గాడిదల మీద వేసుకుని కొండెక్కేది ఆయనే. "రేపు పొద్దున ఆవిడ వస్తుంది. ఇక నీ కుటీరం పని అయిపోయినట్టే మేస్త్రీ."

నీ కుటీరం అంటారు ఊళ్ళో అందరూ. అందులో ఉండేది మాత్రం మా అక్క. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒంటరిగా ఉంటోంది. నేను దానికి సున్నం వేసేవాణ్ణి, అంతే. కానీ మా ఆవిడ అడిగితే వేరేలా చెబుతుంది. "ఈయనకి ఇద్దరు పెళ్ళాలు, పెద్దది కొండమీద ఉంది, దానికి అయిదు గదులు" అంటుంది. నవ్వుతూనే అంటుందనుకోండి.

రెండేళ్ళ కిందటి వానలకు ఆ కుటీరం ఉత్తరపు గోడ మూలన చీలింది. చీలిక పైన బొటనవేలు దూరేంత, కింద వెంట్రుక వాసి. కుటీరం బాగోగులు చూసే కమిటీ ఒక ఇంజనీరమ్మను పిలిపించింది. ఆవిడ ఒక్కటే మాట చెప్పింది. చీలిక మీద మూడు గాజుపట్టీలు అతికిద్దాం, ఏడాది చూద్దాం. గోడ వెంట్రుక వాసి కదిలినా గాజు తట్టుకోలేదు, పగులుతుంది. మూడూ పగిలితే గోడ ఆగే రకం కాదని అర్థం. అప్పుడు కుటీరం ఖాళీ చేయించి, కప్పు దించి, గోడలు విప్పేయాలి. ఎందుకంటే ఆ మూల కూలిందంటే రాళ్ళు పడేది సరిగ్గా కింది దారి మీదే.

పట్టీలు నేనే అతికించాను. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. రెండు చివర్లా ప్లాస్టర్ ముద్ద పెట్టి, అది ఆరకముందే తాపీ మొనతో తేదీ గీశాను. మొదటిది నాలుగో నెలలో పగిలింది. రెండోది ఏడో నెలలో. ఇప్పుడు మూడోది. ఇంకో ఇరవై రోజులు ఆగి ఉంటే ఏడాది నిండేది.

చేతులు కడుక్కుని బయలుదేరాను. కొండెక్కడానికి గంటన్నర పడుతుంది. ఇదివరకు గంట పట్టేది.

ఆ కుటీరం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా ఏడుపు మీకు అర్థం కాదు. కొండ నెత్తి మీద ఒక పెద్ద బండ ముందుకు వంగి ఉంటుంది, చూరులాగా. దాని కింద అయిదు గదులు వరసగా ఉంటాయి. ఒకదాని నేల ఇంకోదానితో కలవదు. రెండు మెట్లు ఎక్కాలి, ఒకటి దిగాలి, తల వంచాలి, మళ్ళీ ఎక్కాలి. కొత్తవాళ్ళు నుదురు బాదుకోకుండా చివరిదాకా వెళ్ళింది నేనింతవరకు చూడలేదు. ఎవరో తలా తోకా లేకుండా కట్టారనుకుంటారు. కాదు. కట్టినవాడు ఒక్కడు కాదు, అదీ సంగతి. లోకం వద్దనుకుని వచ్చినవాళ్ళు అక్కడ ఒకరి తర్వాత ఒకరు ఉంటూ వచ్చారు, ఎప్పుడూ ఒక్కరే ఉండాలి. వచ్చినవాళ్ళు ఏదో ఒకటి సొంత చేతులతో కట్టాలి. ముందువాళ్ళు కట్టిన రాయి కదపకూడదు. మేస్త్రి వచ్చి సున్నం వేయొచ్చు, బయట దన్ను పెట్టొచ్చు, అంతకుమించి వేలు పెట్టకూడదు.

మొదటి ఆయనకు పని రాదు. బండ కింద మట్టీ రాళ్ళూ కలిపి ఒక గోడ లేపి అదే గది అనుకున్నాడు. దానికి నేను వేసినంత సున్నం ఈ లోకంలో ఇంకే గోడా తాగి ఉండదు. రెండో ఆయన రాతిగనిలో పనిచేసి వచ్చినవాడు. ఆయన కట్టిందే ఉత్తరపు గోడ. మూరన్నర మందం, చెక్కిన రాళ్ళు, రాయికీ రాయికీ మధ్య తాపీ మొన కూడా దూరదు. మా నాన్న నాకు పని నేర్పింది ఆ గోడ ముందు నిలబెట్టే. "చూడు, ఇంకేం చెప్పను" అనేవాడు. మూడో మనిషి ఒక ఆడమనిషి. బండలోనే కాలవలు తొలిచి వాననీళ్ళు లోపలి తొట్టిలోకి వచ్చేలా చేసింది. తొట్టి మీద ఒక గది వేసింది. నాలుగో ఆయన ఆ కొండగాలికి ఎవరూ పెట్టనంత పెద్ద కిటికీ పెట్టి జీవితాంతం జలుబుతో బతికాడని చెబుతారు. అయిదో ఆయన చివరి గది కట్టి పదకొండేళ్ళకు పోయాడు. ఆరోది మా అక్క. లోయ వైపు మోకాలెత్తు పిట్టగోడ కట్టింది. వంకరగా ఉంటుంది. ఆ వంకర చూసినప్పుడల్లా నా చేతులు దురద పెడతాయి.

ఒక ప్రమాణం కూడా ఉంది. వచ్చినరోజు గుమ్మం పైరాయి మీద చెయ్యి పెట్టి, "ఈ కట్టడం నిలబడి ఉన్నంతకాలం దిగను" అనాలి. అయిదుగురూ ఆ మాట మీదే ఉన్నారు, అక్కడే పోయారు. మా అక్క ఆ మాట అన్నప్పుడు తన వయసు ఇరవై నాలుగు. మా అమ్మ మంచానపడి ఉంది. అమ్మకు ఒళ్ళు తుడవడం, తల దువ్వడం పద్దెనిమిదేళ్ళవాడినైన నా పాలపడ్డాయి. అక్కను నేను చాలా ఏళ్ళు క్షమించలేదు. తర్వాత క్షమించాను. ఎందుకంటే తను అన్న మాట మీద నిలబడింది. నాన్న పోయినప్పుడు నేనే పైకి వెళ్ళి చెప్పాను. "సరే" అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. దిగలేదు. ఎంత గట్టి మనిషి అనుకున్నాను. ఇలాంటి మనిషి నెత్తిమీద కప్పు కారకుండా చూడటమే నా పని అనుకున్నాను.

మొదటి పట్టీ పగిలినప్పుడు నేనేం చేశానో చెబుతాను. మూల కింద తవ్వి చూశాను. తొట్టి నిండి పొర్లే నీళ్ళు పునాదిలోకి వెళుతున్నాయి. దారి మళ్ళించాను. బయట మనిషెత్తు దన్ను గోడ కట్టాను. రెండోది పగిలినప్పుడు, నా దన్ను గోడ పునాదే సరిగ్గా పడలేదనుకుని, దాన్ని మొత్తం విప్పి ఇంకో మూరెడు లోతు తవ్వి మళ్ళీ కట్టాను. యాభై ఆరేళ్ళ వయసులో, ఒక్కణ్ణే, నలభై రోజులు. నడుం పట్టేసి రెండు వారాలు పక్కమీద బోర్లా పడుకున్నాను. ఆ నలభై రోజులూ అక్క నాకు మంచినీళ్ళు అందించింది. "కాస్త ఆగరా, అంత బరువు మోయకు" అంది.

నేను పైకి చేరేసరికి అక్క పిట్టగోడ మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"వచ్చావా" అంది.

"వచ్చాను" అని లోపలికి వెళ్ళాను.

మూడో పట్టీ ఛాతీ ఎత్తున ఉంది. దగ్గరగా చూశాను. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కాలేదు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

గోడ కదిలి గాజు పగిలితే ఒకటే గీత పడుతుంది. చీలిక ఎటు పోతే అటు, పై నుంచి కిందికి. లేకపోతే ఒక చివర ప్లాస్టర్ ఊడి వస్తుంది. ఇక్కడ ప్లాస్టర్ ముద్దలు రెండూ చెక్కుచెదరలేదు. పట్టీ మధ్యలో కాదు, కుడివైపు కొంచెం జరిగి ఒక చుక్క ఉంది. ఆ చుక్క నుంచి నాలుగు వైపులా పగుళ్ళు. ఇంట్లో కిటికీ అద్దానికి బంతి తగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. చీలికలో పెట్టి చూసుకోవడానికి మొదటిరోజు నేను కత్తిరించుకున్న రేకుముక్క జేబులో ఉంది. దాన్ని దూర్చాను. మొదటిరోజు ఎంత బిగుతుగా ఉందో అంతే బిగుతుగా ఉంది. మొదటి రెండుసార్లూ కూడా ఇలాగే ఉంది. గాజు నా రేకుకంటే సున్నితం కదా, నాకు అందనంత కొంచెం కదిలి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అక్క ఉన్నచోట అబద్ధం ఉంటుందని నాకెందుకు తోస్తుంది?

మొదటి రెండు పట్టీల ముక్కలు నేను చూడనేలేదు. నేను వచ్చేసరికే అక్క వాటిని ఏరేసింది. "కాళ్ళకు గుచ్చుకుంటాయని తీసేశాను" అంది. పాపం, ఒంటరి మనిషి, చీకట్లో తిరుగుతుంది, నిజమే అనుకున్నాను.

బయటికి వచ్చాను. "దేంతో కొట్టావు?" అన్నాను.

కాకమ్మ కథలు చెబుతుందేమో అనుకున్నాను. చెబితే బాగుండుననిపించింది కూడా.

"ఉప్పు నూరే రాయితో" అంది.

"మూడూనా?"

"మూడూ."

నేను మెట్టు మీద కూలబడ్డాను. "నేను దన్ను గోడ విప్పుతుంటే చూస్తూ కూర్చున్నావు కదే" అన్నాను. నా జన్మలో అక్కను ఏమే అని పిలవలేదు. ఆ రోజు పిలిచాను.

"ఆపమన్నాను కదరా."

"బరువు మోయకు అన్నావు. గోడ బాగానే ఉంది, విప్పకు అనలేదు."

"అనలేదు" అంది.

"ఎందుకు చేశావు?"

"దిగుదామని."

"మోకాళ్ళు నొప్పా? కళ్ళు కనబడటం లేదా? జబ్బేమైనా ఉందా?" అని అడిగాను. ఉందని చెప్పమని లోపల్లోపల బతిమాలుకుంటున్నాను. జబ్బైతే క్షమించేయొచ్చు.

"జబ్బేం లేదు. నాకు మనుషులు కావాలి. పక్కగదిలో ఎవరో గిన్నెలు పడేసుకుంటుంటే వినాలని ఉంది. ఎవరితోనైనా పోట్లాడాలని ఉంది. అంతే."

"ఎప్పట్నుంచి?"

"నాన్న పోయాడని నువ్వొచ్చి చెప్పినరోజు నుంచి."

ఇరవై ఏళ్ళు. నేను మనసులోనే వెనక్కి వెళ్ళాను. ఆ ఇరవై ఏళ్ళలో నేను కప్పు రెండుసార్లు మార్చాను. పుచ్చిన దూలాలు దించి కొత్తవి ఎక్కించాను. మొదటి ఆయన మట్టిగోడకు ఎన్ని పూతలు వేశానో నాకే తెలీదు. వేసిన ప్రతిసారీ అక్క వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేది. మెచ్చుకుంటోందనుకునేవాణ్ణి.

"నువ్వొచ్చి బాగుచేసి వెళ్ళినప్పుడల్లా, ఇంకో పదేళ్ళు అనుకునేదాన్ని. ఇంత బాగా ఎందుకు చేస్తాడు వీడు అనుకునేదాన్ని" అంది అక్క. చిన్నగా నవ్వింది కూడా. "కొంచెం పని దొంగవైనా కాకపోయావు."

నాకు నవ్వు రాలేదు. "నాతో ఒక్క మాట చెబితే పోయేది కదా!"

"చెబితే ఏం చేసేవాడివి? చలిగా ఉందేమో అని ఇంకో తలుపు పెట్టేవాడివి. నాలుగు రోజులు వచ్చి తోడుగా ఉండేవాడివి. ఇంత గొప్ప గోడ వదిలి ఎలా వస్తావక్కా అనేవాడివి. నీ మొహం చూస్తే నాకు నోరు పెగిలేది కాదురా. నాకంటే నీకే ఈ కొండంటే ఎక్కువ ఇష్టం."

"అయితే నడుచుకుంటూ దిగి రావాల్సింది. ఎవరు ఆపారు?"

"మాట ఇచ్చాను. కట్టడం నిలిచినంతకాలం అన్నాను. అయిదుగురు మాట తప్పలేదు. నేనెలా తప్పుతాను?"

"ఓహో. మాట మాత్రం తప్పకూడదు. అబద్ధం ఆడొచ్చు. తమ్ముడి నడుం విరగ్గొట్టొచ్చు. రెండో ఆయన గోడ మీద లేని నింద వేయొచ్చు. చాలా బాగుందక్కా!" నా గొంతు లోయలో మోగింది. బాబాయి గాడిదలు ఎక్కడో కింద చెవులు నిక్కించి ఉంటాయి.

అక్క తల వంచుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "రేపు ఆ ఇంజనీరమ్మకు నువ్వేం చెబుతావో చెప్పు. నిజం చెబితే నేనిక్కడే ఉంటాను. నీ మీద కోపం పెట్టుకోను" అంది.

ఇంతకంటే అన్యాయం ఇంకోటి ఉంటుందా? తను కొట్టిన గాజు తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. నిజం చెబితే అక్కకు శిక్ష వేసినవాణ్ణి నేనవుతాను. అబద్ధం చెబితే రెండో ఆయన గోడను కూల్చినవాణ్ణి నేనవుతాను. తను మాత్రం ప్రమాణం తప్పని మనిషిగా మిగులుతుంది.

ఆ రాత్రి నాలుగో ఆయన గదిలో పడుకున్నాను. పొద్దున్నే లేచి ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళాను. పగిలిన పట్టీని ముక్క ముక్కగా ఊడదీసి, గుడ్డలో మూటకట్టి, లోయలోకి విసిరేశాను. పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తున్న అక్క వైపు నేను తల తిప్పలేదు.

ఇంజనీరమ్మ ఆయాసపడుతూ వచ్చింది. ఖాళీ ప్లాస్టర్ ముద్దలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మళ్ళీ ఏరేశారా మేస్త్రిగారూ? ఎన్నిసార్లు చెప్పాను?"

"కాళ్ళకు గుచ్చుకుంటాయని తీశాను మేడమ్."

"గీత ఎలా పడింది? నిలువుగానేనా?"

"నిలువుగానే. పై నుంచి కిందికి."

ఆవిడ చీలికలో వేలు పెట్టింది, గోడ తట్టింది, దన్ను గోడ చుట్టూ తిరిగింది. తెలివైన మనిషి, ఆవిడకు ఎక్కడో తేడా కొడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. "నాకైతే బాగానే అనిపిస్తోంది. మీ దన్ను గోడ పునాది ఏమైనా సరిగ్గా పడలేదంటారా? మీరు పాతికేళ్ళ తర్వాత కూడా కదలదన్నారు కదా" అంది.

"పడలేదు మేడమ్. పొరపాటు నాదే."

ఆవిడ అదే రాసుకుంది. మేస్త్రి కట్టిన దన్ను గోడ పునాది లోపం వల్ల అని. సంతకం పెట్టమంటే పెట్టాను. బాబాయి ఆ సాయంత్రానికి ఊరంతా చెప్పేశాడు. తర్వాత నెలలో నాకు రావాల్సిన రెండు పనులు పక్కూరి మేస్త్రికి వెళ్ళాయి. నేను వాళ్ళను అడగలేదు, వాళ్ళు నాకు చెప్పలేదు.

కట్టడం నిలవదని కాగితం మీద పడింది కాబట్టి ఇక మాట తీరినట్టేనని అక్క మర్నాడే దిగింది. ఒక సంచీ, ఒక దుప్పటి. బాబాయి గాడిద ఎక్కమంటే ఎక్కకుండా నడిచింది. నాకంటే ముందు నడిచింది. నాకంటే ఆరేళ్ళు పెద్దది, నేను అందుకోలేకపోయాను.

మా ఇంట్లో వెనకగది ఇచ్చాం. మా ఆవిడకు వదినంటే మొదటి రెండురోజులు భయం, మూడోరోజు నుంచి కబుర్లు. ఇప్పుడు ఇద్దరూ వంటగదిలో గట్టిగట్టిగా నవ్వుతారు, కూర మాడ్చేస్తారు, ఎవరు మాడ్చారని పోట్లాడుకుంటారు. "ఇన్నేళ్ళూ ఈ మనిషిని పైన దాచి ఉంచావేంటయ్యా" అంది మా ఆవిడ నాతో. అక్కతో నేను అవసరానికి మించి మాట్లాడటం లేదు. అక్క సంతోషంగా ఉంది. అది చూసి నాకు సంతోషం కలగాలి. కలగడం లేదు. ఏం చేయను?

వానలకు ముందే కుటీరం విప్పేయమని కమిటీ కబురు పెట్టింది. ఇంకెవరైనా విప్పితే రాళ్ళు కింద దారిలోకి దొర్లించేస్తారని నేనే ఒప్పుకున్నాను. నలుగురు మనుషుల్ని తీసుకెళ్ళాను. కప్పు రెండు రోజుల్లో దిగింది. మొదటి ఆయన గోడ ఒక పూట. నాలుగో ఆయన కిటికీ, అయిదో ఆయన గది, పెద్ద కష్టం కాలేదు. తొట్టి బండలోనే ఉంది కాబట్టి దాన్ని వదిలేశాం. ఉత్తరపు గోడ చివరికి మిగిలింది.

అది రాలేదు. గునపాలు వంగాయి. చీలిక ఉన్న మూలనుంచే మొదలుపెట్టాం, అయినా రాలేదు. నలుగురూ కలిసి ఒక్కో రాయికి అరగంట కుస్తీ పట్టారు. రెండో రోజు అందులో పెద్దవాడు గునపం కింద పడేసి చెమట తుడుచుకున్నాడు.

"మేస్త్రీ, ఇది కదిలిన గోడంటే నేను నమ్మను. మా ఇల్లు ఇలా కదిలితే బాగుణ్ణు" అన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వారు.

"పని చూడు" అన్నాను.

ఆరు రోజులు పట్టింది. ఆఖరి వరస రాళ్ళు నేనే తీశాను. వాటి కింద రెండో ఆయన పోసిన సున్నం పొర ఉంది, తెల్లగా, గోరు దిగనంత గట్టిగా. ఆయన కూడా నాలాగే ఎవరికోసమో కట్టి ఉంటాడా, లేక తనకోసమేనా అనుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. మనుషులు అటు తిరిగి పనిముట్లు సర్దుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి అక్కా, మా ఆవిడా వసారాలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. నన్ను చూసి అక్క చేతిలో బట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"ఉత్తరపు గోడ? బాగా కష్టమైందా?"

నిజం నా నాలిక చివరే ఉంది. ఆరు రోజులు, వంగిన గునపాలు, పెద్దవాడి మాట, అన్నీ చెప్పేయొచ్చు. కానీ అరవై రెండేళ్ళ వయసులో అక్క మొహంలో మొదటిసారి కాస్త కండ పట్టింది. చెప్పలేకపోయాను.

"లేదు. తేలిగ్గానే వచ్చేసింది" అన్నాను.

అక్క పెద్దగా ఊపిరి వదిలింది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు దించుకున్నట్టు భుజాలు కిందికి జారాయి. మళ్ళీ బట్ట చేతిలోకి తీసుకుని, అంచులు కలిపి మడత పెట్టింది.

"నేననుకుంటూనే ఉన్నాను" అంది మా ఆవిడ వైపు తిరిగి. "ఆ గోడలో మొదట్నుంచీ బలం లేదు. ఎప్పటికైనా పడేదే. వీడేమో అదేదో గొప్ప గోడని ఊరికే మోజుపడేవాడు."

మా ఆవిడ అవునన్నట్టు తలూపింది. అక్క నన్ను చూసి నవ్వింది, ఎంతో ప్రేమగా, ఏ దాపరికమూ లేకుండా. తను అన్న మాటను తను నిజంగానే నమ్మేసింది. నేను సంచీ కింద పెట్టి, తాపీ కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను.